ఏడవ షరతు



ఇల్లు కట్టుటను గూర్చి మనము అనేక ప్రసంగములు విన్నాము. బండమీద ఇల్లు, ఇసుకమీద ఇల్లు, గోపురము కట్టబోయేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకొనుట. వీటిమీద నేనే పాతిక ప్రసంగాలైనా చేసి ఉంటాను. ఇల్లు పడగొట్టుటను గూర్చి మాత్రము ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు. 2024 మే నెలలో మా సంఘము తన పాత పాస్టరు ఇంటిని పడగొట్టించవలసి వచ్చింది. మనిషిని వెదికి, బేరము కుదిర్చి, కాగితము రాయించే పని కమిటీవారు నాకు అప్పగించారు. ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో నాకు పేరు తెచ్చే విషయమేమీ లేదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణము. ఆ ఇల్లు మిషనరీల కాలములో కట్టినది. మా సంఘములో అందరికంటె పెద్దవారైన తాతగారికి తొంభై ఏండ్లు. ఆయనకు ఊహ తెలిసేటప్పటికే అది పాత ఇల్లట. మూరెడు మందము గోడలు, గానుగ సున్నముతో కట్టిన ఇటుక, నేలకు కడప బండలు. పైన టేకు దూలాలు, దూలాలమీద దంతెలు, వాటిమీద పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో బిగించిన మిద్దె. మద్రాసు మిద్దె అనేవారు పెద్దలు. రోహిణి కార్తెలో కూడా ఆ ఇంట్లో మధ్యాహ్నము ఫ్యాను లేకుండా పడుకోగలిగేవాళ్ళము. వెనుక వసారా మాత్రము తరువాతి కాలములో ఎవరో సిమెంటు రేకులతో దించారు.

అయితే గోడలోకి దూరి ఉన్న దూలాల కొనలు తడికి నాని, చెదలు పట్టిపోయాయి. వానాకాలములో నా భార్య ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేలమీద పరచి ఉంచేది. ఒక రాత్రి పిల్లలు పడుకొనే మంచముమీద పైకప్పు పెచ్చు ఊడి పడింది. ప్రభువు కృపనుబట్టి ఆ రాత్రి పిల్లలు అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. మా సంఘములోని ఇంజనీరు సహోదరుడు చూసి, బాగుచేయించే ఖర్చుతో కొత్తది కట్టవచ్చునన్నాడు. కమిటీ తీర్మానించింది. మేము అద్దె ఇంటికి మారాము.

పడగొట్టే పనికి మనమే డబ్బు ఇచ్చుకోవాలని నేను అనుకొన్నాను. పాత ఇంటి విషయములో అది తారుమారు. కాంట్రాక్టరే మనకు డబ్బు ఇచ్చి ఇల్లు కొనుక్కుంటాడు. స్థలము కాదు, స్థలముమీద ఉన్నది. దూలాలు, దంతెలు, తలుపులు, ద్వారబంధాలు, కిటికీ ఊచలు, కడప బండలు, ఇటుకలు అన్నీ అతనివే. వాటిని అమ్ముకొని, కూలీలకు ఇవ్వగా మిగిలినది అతని లాభము. పాత టేకు బాగా ఎండి ఉంటుంది గనుక మళ్ళీ కోయించి తలుపులకు వాడినా వంకర పోదు. సున్నముతో కట్టిన ఇటుకను సుత్తితో మెల్లగా తట్టితే సున్నము రాలిపోయి ఇటుక నిండుగా చేతికి వస్తుంది. సిమెంటు గోడ అయితే సిమెంటు ఇటుకను వదలదు, ఇటుకే పగులుతుంది. అందుకే ఈనాటి స్లాబు ఇల్లు పడగొట్టించాలంటే చాలా చోట్ల యజమానే ఎదురు డబ్బు ఇవ్వాలి. అందులో అమ్ముకొనేందుకు మిగిలేది ముఖ్యముగా ఇనుమే. "మన తాతల ఇల్లు పోతూ పోతూ డబ్బు ఇచ్చి పోతుంది, మన ఇల్లు పోతూ కూడా అప్పు పెడుతుంది" అని మా కోశాధికారి నవ్వాడు.

ముగ్గురు వచ్చి చూశారు. మొదటివాడు జేసీబీ యజమాని. రెండు రోజుల్లో నేలమట్టము చేస్తాను, నలభై వేలు ఇవ్వండి అన్నాడు. కలపంతా విరిగిపోతుందని పెద్దలు ఒప్పుకోలేదు.

రెండవవారు అరవై దాటిన ఒక సాయిబుగారు. ముప్పై ఏండ్లకు పైగా పాత ఇళ్ళు దించే పనిలో ఉన్నారు. పాత టీవీఎస్ మోపెడుమీద వచ్చి, రెండు గంటలు ఇల్లంతా తిరిగారు. నిచ్చెన వేయించుకొని ప్రతి దూలము కొనా స్క్రూడ్రైవరుతో పొడిచి చూశారు. వేలి మెటికలతో తట్టి, చెవి పెట్టి విన్నారు. గోడలో సున్నమును గోటితో గీకి చూశారు. చివరకు ఒక లక్షా పది వేలు ఇస్తాను, ఇరవై రోజులు కావాలి అన్నారు. కరెంటు సర్వీసు వైరు ముందుగా తీయించి ఉంచాలన్నారు. కొనలు పుచ్చిన దూలాలకు సరుగుడు కర్రలతో కింద ఊతము పెట్టిన తరువాతే పైన మనిషిని ఎక్కిస్తానన్నారు. వసారా రేకులను పగులగొట్టకుండా నీళ్ళు చల్లి నిండుగా దించాలి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు అన్నారు. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందని, దాని దుమ్ము కాన్సరు తెస్తుందని నేను పత్రికల్లో చదివినదే. అయినా ఆయన నోట వినేవరకు నా వసారాకు ఆ సంగతి వర్తిస్తుందని నాకు తట్టలేదు.

మూడవవాడు యువకుడు, చురుకైనవాడు. నిచ్చెన ఎక్కలేదు. ఫోనుతో తలుపులకు, దూలాలకు ఫొటోలు తీసి ఎవరికో పంపాడు. పావుగంటలో లక్షా అరవై వేలు అన్నాడు. పది రోజుల్లో స్థలము చదును చేసి అప్పగిస్తానన్నాడు.

నేను అంతటితో ఊరుకోలేదు. "దేవుని పని గదా తమ్ముడూ, ఇంకొంచెము చూడు" అన్నాను. అతడు తల గోక్కున్నాడు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. లక్షా డెబ్బై అయిదు వేలకు ఒప్పుకొన్నాడు. లక్ష ముందుగా, మిగిలిన డెబ్బై అయిదు వేలు పని ముగిసిన దినమున.

మర్యాదకని సాయిబుగారికి ఫోను చేసి సంగతి చెప్పాను. ఆయన కొంచెము సేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, ఆ ధరకు గోడ దిగదండీ, పడుతుంది" అన్నారు. బేరము పోయిన బాధతో అన్నారనుకొన్నాను.

ఆ ఆదివారము ఆరాధన ముగింపులో ప్రకటనల వేళ ఈ మొత్తము చెప్పినప్పుడు సంఘమంతా స్తోత్రమని చప్పట్లు కొట్టింది. కాగితము నేనే రాశాను. వేదాంత డిప్లొమాలో మాకు కొద్దిపాటి గ్రీకు అక్షరాలు నేర్పారుగాని ఒప్పంద పత్రము రాయుట నేర్పలేదు. అయినా వంద రూపాయల స్టాంపు కాగితముమీద తొమ్మిది షరతులు రాసి చదివి వినిపిస్తే, ప్లీడరు రాసినట్టే ఉందని పెద్దలు మెచ్చుకొన్నారు. వాటిలో ఏడవది ఇది: పనిలో ఎవరికి ఏ ప్రమాదము జరిగినను సంఘమునకు గాని, సంఘ కాపరికి గాని ఎట్టి సంబంధమును లేదు. ఆ వాక్యము రాసి నేను తృప్తి పడ్డాను. సంఘ ధనమును కాపాడుతున్నానని అనుకొన్నాను.

లేవీయకాండము 14వ అధ్యాయములో పొడ పట్టిన ఇంటి విషయము మనము తరచుగా దాటవేసి చదువుతాము. ఇంటి గోడలో పొడ కనబడితే యజమాని పోయి యాజకునికి చెప్పాలి. యాజకుడు వచ్చి చూడకముందే ఇల్లు ఖాళీ చేయించాలి. ఏడు దినాలు మూసి ఉంచి మళ్ళీ చూడాలి. చెడిన రాళ్ళు తీసి కొత్తవి పెట్టి, గోడ గీయించి, కొత్త అడుసు పూయించాలి. అప్పటికీ పొడ తిరిగి వస్తే ఇల్లు పడగొట్టించి, రాళ్ళూ కలపా సున్నమూ సమస్తము ఊరి వెలుపలికి మోయించాలి. ఇల్లు పడగొట్టించే అధికారము యాజకుని చేతిలో ఉంది. పని ప్రారంభ ప్రార్థనకు నేను ఎంచుకొన్న వాక్యభాగము అదే. ఎంత చక్కగా కుదిరిందో అనుకొన్నాను. ఆ రాళ్ళను, ఆ కలపను మోసినవారెవరో ఆ అధ్యాయములో లేదు. ఆ ఉదయము నేను కూడా అడగలేదు.

ఖాళీ చేయించే పనికి రెండు రోజులు పట్టింది. వెనుక కొట్టులో ఏమున్నదో చూస్తే ఆశ్చర్యము. నలుగురు పాస్టర్ల కాలమునాటి సామాను అందులో ఉంది. కాళ్ళు విరిగిన బల్లలు, బెల్లోసు చిరిగిన హార్మోనియము, మూడు పెట్రోమాక్సు లైట్లు, క్రిస్మసు నక్షత్రాల వెదురు చట్రాలు, చెదలు తిన్న సండేస్కూలు కరపత్రాల కట్టలు, అడుగు ఊడిన అల్యూమినియం డేగిసాలు. ప్రతి పాస్టరూ వెళ్ళేటప్పుడు ఇది సంఘ ఆస్తి గదా అని వదిలిపెట్టాడు, వచ్చినవాడు సంఘ ఆస్తి గదా అని పారవేయలేదు. పాత సామాను కొనే అతను ఇనుము వేరు, కాగితము వేరు, అల్యూమినియం వేరు కాటా వేసి పట్టుకుపోయాడు. కాగితాల కట్టలో నుండి ఒక పాత బాప్తిస్మపు రిజిస్టరును అతడే తీసి, "ఇందులో పేర్లు ఉన్నాయి అయ్యగారూ, కాటాలో వేయను" అని నా చేతికి ఇచ్చాడు. దానిలో మా తాతగారి తల్లి పేరు ఉంది. అంతమంది పెద్దలము నిలబడి చూస్తున్నాము, ఆ కట్టను ఎవరమూ విప్పి చూడలేదు.

పని మొదలైన నాలుగవ రోజు. కాంట్రాక్టరుకు తలుపులు, ద్వారబంధాలు కొనే బేరగాడు త్వరపెడుతున్నాడట. అందుచేత పైకప్పు దించకముందే వెనుక గది ద్వారబంధాన్ని, రెండు కిటికీ చట్రాలను పెరికించాడు. తరువాత ఆ గది మిద్దె దించాడు. గోడను పట్టి ఉంచే దూలాలు లేవు, మధ్యలో మూడు పెద్ద ఖాళీలు. ఆ గోడకు కర్రల ఊతము లేదు. ఇటుకలు త్వరగా రావాలని ఇద్దరు మగవాళ్ళు కిందినుండి గునపాలతో పొడుస్తున్నారు. భవనాల కూల్చివేతకు భారతీయ ప్రమాణాల సంస్థవారి భద్రతా నియమావళి ఒకటి ఉంది, దాని సంఖ్య 4130. పైనుండి కిందికి, అంతస్తు తరువాత అంతస్తుగా దించుకొని రావాలన్నది అందులోని మూల సూత్రము. ఇదంతా నేను తరువాత తెలుసుకొన్నాను. ఆ ఉదయము నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని ఆదివారపు ప్రసంగము రాసుకొంటున్నాను.

గోడ కూలినప్పుడు శబ్దము కంటె ముందు దుమ్ము వచ్చింది. ఆ గోడ దగ్గర కూర్చుండి సుత్తితో ఇటుకలు గీకుతున్న ఆడమనిషి కుడికాలు కింద పడిపోయింది. పేరు రాయను. మా పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరములోని పల్లె సంఘములో ఆమె విశ్వాసి. రోజూ ఉదయము వచ్చేటప్పుడు "వందనాలండీ అయ్యగారూ" అని చెప్పి తట్ట తీసుకొనేది. మోకాలి కింది ఎముక రెండు చోట్ల విరిగింది. ఆటోలో ఒంగోలు ఆసుపత్రికి తీసుకొనిపోతూ ఉంటే, ఆమె తల నా భార్య ఒడిలో ఉంది. ఆమె నన్ను ఒకే మాట అడిగింది: "అయ్యగారూ, ఈ పూట కూలి రాస్తారా?"

కూలివాని జీతము తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోరాదని మోషే ధర్మశాస్త్రములో ఉంది. ఆ మాటమీద నేను ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. ఆ ఆటోలో నేను ఆమెకు జవాబు చెప్పలేదు. నా భార్య చెప్పింది, రాస్తారమ్మా అని.

ఆసుపత్రి వరండాలో కాంట్రాక్టరును నిలదీశాను. ఊతము ఎందుకు పెట్టలేదన్నాను. అతడు ఎదురు తిరగలేదు. అలసిపోయిన గొంతుతో, "మీరు పదిహేను వేలు పెంచమన్నరోజే కర్రల సంగతి వదిలేశానండీ అయ్యగారూ. మీకు ఇచ్చింది నేను ఎక్కడినుంచి తేవాలి?" అన్నాడు. తరువాత చొక్కా జేబులోనుండి మడత పెట్టిన స్టాంపు కాగితము నకలు తీశాడు. "మీకేం భయము లేదులెండి, ఏడో దాంట్లో రాసే ఉంది" అన్నాడు. నన్ను ఎత్తిపొడవాలని అన్నాడో, నిజముగా ధైర్యము చెప్పాలని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ప్రాంతపు క్రైస్తవులకు క్లౌ దొరగారి కథ చెప్పనక్కరలేదు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరువు వచ్చినప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకపు పనిని తానే కాంట్రాక్టుగా తీసుకొన్నాడు. సర్వే పని తెలిసినవాడు గనుక కొలతలు తానే చూసుకోగలిగాడు. ఆకలితో వచ్చిన పేదలకు, ముఖ్యముగా మాదిగ పల్లెలవారికి, పనీ కూలీ దొరకాలని, తన బోధకులను పని పర్యవేక్షణకు పెట్టాడు. కరువు సహాయముకొరకు జనము మతములో చేరుతున్నారనే మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మములు ఆపి ఉంచాడు. ఆ తరువాతనే 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను మేము ప్రతి సంవత్సరము మా సంఘ వార్షికోత్సవములో గొప్పగా చెప్పుకొంటాము. ఎక్కువగా నేనే చెబుతాను. ఆయన కూలీలు మోసపోకూడదని తానే కాంట్రాక్టరు అయ్యాడు. నేను కాంట్రాక్టరును పిండి, ఆ పిండిన డబ్బుకు సంఘములో చప్పట్లు కొట్టించాను. ఆ కూలీలు ఏ పల్లెలవారో నాకు తెలుసు. ఆ 2,222 మంది ముని మనుమలు వారిలో ఉండవచ్చును.

కమిటీ కూడింది. కోశాధికారి ఏడవ షరతు చదివాడు. ఆయనను నేను తప్పు పట్టను, కాగితము నాది. ఒకరు జాలిగా కానుక ఏదైనా ఇద్దామన్నారు. ఇంకొకరు, ఇప్పుడు ఇస్తే తప్పు ఒప్పుకొన్నట్టు అవుతుంది, రేపు కోర్టుకు లాగుతారు అన్నారు. మా సంఘములోని ప్లీడరుగారు అప్పటికి అమలులో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టము సంగతి చెప్పారు. నాకు నష్టపరిహారము అక్కరలేదని పనివాని చేతనే రాయించుకొన్నా ఆ రాత చెల్లదని ఆ చట్టములోనే ఉందట. మన కాగితమైతే ఆమె చూడను కూడా చూడలేదు. ఈ కేసులో సంఘముమీద బాధ్యత పడుతుందా లేదా అన్నది వాదించవలసిన విషయమేగాని, ఏడవ షరతు ఆమె నోరు మూయించలేదు అన్నారు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టములో కూల్చివేత పని కూడా చేరి ఉంది, ఆమెకు కార్డు ఉంటే సంక్షేమ బోర్డునుండి సహాయమునకు దరఖాస్తు పెట్టుకోవచ్చును అని కూడా చెప్పారు. ఆమెకు కార్డు లేదు. ఉన్నదా అని పనికి పెట్టుకొనే ముందు ఎవరూ అడగలేదు.

అప్పటివరకు మాట్లాడని స్త్రీల సమాజపు అధ్యక్షురాలు లేచారు. పదవీ విరమణ చేసిన పంతులమ్మగారు. "కొత్త ఇంటికి పిట్టగోడ కట్టకపోతే, ఎవడైనా మిద్దెమీదనుంచి పడితే ఆ రక్తము ఇంటివాళ్ళమీదనే అని ద్వితీయోపదేశకాండము 22లో ఉందిగదా అయ్యగారూ. పడినవాడు కూలీయా, చుట్టమా అని అక్కడ అడగలేదు. పదిహేను వేలు ఎక్కువ వచ్చిందని ఆదివారము నేనూ చప్పట్లు కొట్టాను. ఆ పదిహేను వేలు ఆమె కాలులోనుంచి వచ్చినవి" అన్నారు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను నా తప్పు అక్కడ ఒప్పుకొన్నాను. ఒప్పుకొన్నంత మాత్రాన అందరూ కరగలేదు. ఒక పెద్దమనిషి, పాస్టరు తన మనస్సాక్షికి సంఘ నిధినుండి జీతము ఇస్తున్నాడన్నారు. ఆయన కొన్ని నెలలు సంఘానికి రాలేదు. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు.

కాంట్రాక్టరు ఒక నెల కూలి ఆమెకు ఇచ్చి, తలుపులు, ద్వారబంధాలు పట్టుకొని పోయి మళ్ళీ రాలేదు. సగము ఇల్లు నిలబడి ఉంది. నేను సాయిబుగారి ఇంటికి వెళ్ళాను. ఫోనులో అడగడానికి సిగ్గు వేసింది. ఆయన ఒక్కమాట కూడా దెప్పలేదు. టీ ఇచ్చారు. మిగిలిన కలపకు, ఇటుకకు, బండలకు లెక్క కట్టి డెబ్బై అయిదు వేలు ఇవ్వగలనన్నారు. ఆ డబ్బు మాకు కాదు, ఆమెకు ఇవ్వండి అన్నాను. ఆసుపత్రికి వెళ్ళి ఆమె భర్త చేతికే ఇచ్చారు. భవన నిధినుండి నెలకు మూడు వేల చొప్పున ఒక ఏడాది ఆమె ఇంటికి ఇవ్వాలని కమిటీ ఎక్కువ ఓట్లతో తీర్మానించింది. ఆ పన్నెండు నెలలూ ఇచ్చాము. కోశాధికారి చివరి లెక్క చూపించాడు. ఆమెకు ఇచ్చినది పోగా ఇల్లు పడగొట్టుటవలన సంఘమునకు మిగిలినది అరవై నాలుగు వేలు. సాయిబుగారు మొదట ఇస్తానన్నది లక్షా పది వేలు.

గోడ దిగుట అంటే ఏమిటో అప్పుడు చూశాను. మొదట మా పనివాళ్ళందరినీ బయటికి పంపి, ఇంటి చుట్టూ తాడు కట్టించారు. ముందు ఎనిమిది సరుగుడు కర్రలు, తరువాత ఇంకో పన్నెండు తెప్పించి, ప్రతి దూలము కిందా నిలబెట్టి చీలలతో బిగించారు. పైన ఇద్దరే మనుషులు, నడుముకు తాడు. సున్నపు పెళ్ళ తీసి, నిలువు ఇటుకలు వరుస వరుసగా తీసి, బుట్టలో తాడుతో దించారు. దంతెలు ఒక్కొక్కటి, ఆ తరువాత దూలాలు, రెండు కొనలకూ మోకులు కట్టి ఒకేసారి దించారు. గోడను పైవరుసనుండి, మనిషి గోడమీద కాక పక్కన బల్లమీద నిలబడి, ఇటుక ఇటుకగా విప్పారు. ద్వారబంధము తన పైన ఉన్న గోడంతా దిగాక గాని కదిలించలేదు. పైన పని జరుగుతున్నంతసేపు కింద ఇటుక గీకేవాళ్ళు లేరు. మధ్యాహ్నము పన్నెండుకు పని ఆపేవారు, ఎండకు కళ్ళు తిరిగితే మనిషి పడతాడని. సాయంత్రము అయిదుకు కూలి చేతిలో పెట్టేవారు. రేకులను తడిపి నిండుగా దించి, పైన పట్టా కప్పించారు.

పగిలిన పెళ్ళలు, సున్నపు ముక్కలు, ఇటుక తునకలు ఎంత వచ్చాయంటే ట్రాక్టరు ట్రక్కుల లెక్క నేను మరచిపోయాను. పనివాళ్ళు దానిని రబ్బీసు అంటారు. నెహెమ్యా కాలములో యెరూషలేము గోడ కట్టేవారికి శత్రువులతోపాటు అడ్డము వచ్చినది ఇదే. మోసేవారి బలము తగ్గిపోయింది, చెత్త మిగిలి ఉంది అని నాలుగవ అధ్యాయములో వాళ్ళు మొరపెట్టుకొన్నారు. మొదటి కాంట్రాక్టరు మొదటి మూడు ట్రక్కులు రాత్రివేళ ఊరి చెరువు కట్ట వెనుక పోయించి వెళ్ళాడని ఆ తరువాత తెలిసింది. కట్టడపు శిథిలాలు చెరువుల్లో, కాలువల్లో, రోడ్ల పక్కన పోయరాదని కేంద్ర ప్రభుత్వము 2016లోనే నియమాలు తెచ్చింది. ఆ మూడు ట్రక్కులు తిరిగి ఎత్తించడానికి మేమే డబ్బు ఇచ్చాము. మిగిలినదంతా సాయిబుగారి సలహామీద ఆమె ఉండే పల్లెలో వానాకాలములో మోకాలి లోతు బురద అయ్యే బాటకు పోయించి, పైన గ్రావెలు పరిపించాము. సున్నపు రబ్బీసు దిమ్మిసా కొట్టితే గట్టిగా బిగుస్తుందన్నారు. నిజమే. ఆ బాటమీద ఇప్పుడు ఆటో పోతుంది.

కొత్త ఇంటి మేస్త్రీతో కాగితము రాసేటప్పుడు నేను రాయలేదు, పంతులమ్మగారిని కూర్చోబెట్టి రాయించాము. పని మొదలయ్యే ముందు పనివాళ్ళకు ప్రమాద భీమా ఉండాలి, దాని ప్రీమియము సంఘము కట్టాలి. కర్రలు, తాళ్ళు, బల్లలు ఉన్నవో లేవో కమిటీ సభ్యుడొకరు వారానికి ఒకసారి చూడాలి. బేరములో ఈ ఖర్చును విడిగా రాయాలి, తగ్గించమని అడగరాదు. ఆ చివరి మాట నా కొరకేనని ఆమె నవ్వుతూ చెప్పారు.

ఆమె ఇప్పుడు నడుస్తోంది, కొంచెము కుంటుతూ. ఇటుక పనికి రాలేదు. ఇంటి దగ్గర రెండు గేదెలు పెట్టుకొన్నారు. మొన్న ఆ పల్లె సంఘములో కూడికకు వెళ్ళినప్పుడు ఎప్పటిలాగే వందనాలు చెప్పింది. కాలిలోని రాడ్డు తీయించాలని డాక్టరు చెప్పారట. ఎంత అవుతుందో కనుక్కొని చెప్పమని ఆమె భర్తతో అన్నాను. వచ్చే నెల కమిటీ అజెండాలో అది మొదటి అంశముగా రాసి ఉంచాను. సంఘానికి రావడము మానిన ఆ పెద్దమనిషి తిరిగి వస్తున్నారు. ఈసారి ఆయన ఏమంటారో చూడాలి.